ఫాదర్‌ని పిలిస్తే అమ్మ భయపడుతుందేమో

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. పెళ్లయినప్పటి నుంచి బెంగళూరులో, కె.ఆర్.పురం వైపు ఉంటున్నాం. అమ్మకు 69 ఏళ్లు, నా దగ్గరే ఉంటోంది. పోయిన ఏడాది అండాశయ క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్, కీమో అన్నీ అయ్యాయి. గత నెల డాక్టరు గారు 'ఇక కీమో వద్దు, నొప్పి లేకుండా చూసుకుందాం' అన్నారు. ఈ మాట అమ్మకు చెప్పొద్దని హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఫాదర్‌ని పిలిచి, జబ్బుపడినవారికి నూనె రాసి ప్రార్థించే అభ్యంగనం ఇప్పిద్దామంటే, 'ఫాదర్ నూనె పట్టుకుని గుమ్మంలోకి వస్తే ఆ భయానికే అమ్మ పోతుంది' అంటాడు. మొన్న అమ్మ తన జపమాల తీసి మా పాప చేతిలో పెట్టి 'ఇది నువ్వు ఉంచుకో' అంది. నేను మాట మార్చేసి టీవీ పెట్టాను. ఊళ్లో మా పిన్ని మాత్రం రోజూ ఫోన్ చేసి, ఇంట్లో ఎవరిదో ఒప్పుకోని పాపం ఉందంటుంది. విశ్వాసం ఉంటే నయమయ్యేదంటుంది. మార్ఫిన్ వేయకుండా ఆ నొప్పిని దేవునికి అర్పించమంటుంది. నేనేమో జపమాల పట్టుకుంటే సగంలో, మూడో రహస్యానికే నిద్రపోతున్నాను. ఆదివారం పూజకు వెళ్లి నాలుగు వారాలైంది. దేవుడి మీద కోపంగా ఉంది. అమ్మ సిద్ధంగా ఉందో లేదో తెలియదు, నేనైతే సిద్ధంగా లేను. ఏం చేయను?
– ఒక సోదరి, బెంగళూరు

సమాధానం:

చెల్లెమ్మా,

మీ ఉత్తరం చదువుతూ జపమాల దగ్గర ఆగిపోయాను. అమ్మ దాన్ని పాప చేతిలో పెట్టింది, మీరు టీవీ పెట్టారు. మిమ్మల్ని తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. అలాంటప్పుడు ఏ కూతురి చెయ్యి అయినా రిమోట్ కోసమే వెతుక్కుంటుంది. కానీ ఆలోచించండి. ఊళ్లో పుట్టి పెరిగిన కతోలిక తల్లి, రోజూ చేతిలో తిప్పుకునే జపమాలను ఊరికే తీసి ఇచ్చేయదు. అమ్మకు తెలుసు. డాక్టరు గారు చెప్పకపోయినా, మీరు చెప్పకపోయినా, తన ఒంట్లో ఏం జరుగుతోందో తనకు తెలిసిపోయింది. ఆ సంగతి మీతో మాట్లాడాలని దారి వెతుక్కుంటోంది. మీకు తెలిసిందని ఆమె ముందు మీరు దాచుతున్నారు, తనకు తెలిసిందని మీ ముందు ఆమె దాచుతోంది. ఒకే ఇంట్లో ఉండి ఇద్దరూ ఒంటరిగా ఏడుస్తున్నారు.

మా నాన్నగారి విషయంలో మేమూ ఇదే చేశాం. కిడ్నీలు పాడై ఆసుపత్రిలో ఉంటే 'వచ్చే వారం ఇంటికెళ్లిపోదాం నాన్నా' అని రోజూ చెప్పేవాళ్లం. ఆయన 'సరేనమ్మా' అనేవారు. ఫాదర్ గారిని రేపు పిలుద్దాం, ఎల్లుండి పిలుద్దాం అంటూ తొమ్మిది రోజులు గడిపేశాం. పదో రోజు తెల్లవారుజామున ఐసీయూలోకి మార్చారు. మేము ఫోన్ చేయడం, ఫాదర్ గారు బయల్దేరడం, ట్రాఫిక్ దాటి రావడం, అప్పటికే అంతా అయిపోయింది. ప్రాణం పోయాక అభ్యంగనం ఇవ్వరు. ఆయన ప్రార్థన చేసి, మా అమ్మ పక్కన కాసేపు కూర్చుని వెళ్లారు.

తర్వాత బిల్లుల ఫైలు సర్దుతుంటే ఒక స్కానింగ్ రిపోర్టు వెనక నాన్నగారి పెన్సిల్ రాత కనిపించింది. నాలుగే లైన్లు. 'పాలవాడికి 640. సైకిలు పెద్ద మనవడికి. గుడి చందా రెండు నెలలది. తమ్ముడితో మాట్లాడాలి.' పొలం గట్టు తగాదాలో మా బాబాయితో నాన్నగారికి పదకొండేళ్లుగా మాటల్లేవు. పాలవాడికి ఇచ్చేశాం. సైకిలు ఇచ్చాం. చందా కట్టాం. నాలుగోది ఎవరు తీరుస్తారు? కబురు పెడితే బాబాయి ఆ రాత్రి బస్సుకే వచ్చేవారు. మేము నాన్నతో నిజం మాట్లాడి ఉంటే నాన్న మాతో ఆ మాట అనేవారు. ఆయన సిద్ధపడుతూనే ఉన్నారు. మేమే అడ్డం నిలబడ్డాం.

ఆ కాగితం ఇప్పటికీ నా బైబిల్లో ఉంది. అందుకని నా మాట కాస్త గట్టిగా వినిపిస్తే ఏమీ అనుకోకండి. ఫాదర్‌ని పిలవండి. ఈ వారమే పిలవండి.

మీ అన్నయ్య భయం ఎక్కడిదో నాకు తెలుసు. మన పెద్దవాళ్లు దీన్ని 'అవస్థ అభ్యంగనం' అనేవారు. ఫాదర్ గారు ఫలానా ఇంటికి అవస్థ ఇవ్వడానికి వెళ్లారంటే, ఇక గుడి గంట మోగడమే తరువాయి అనుకునేవారు. ఊపిరి ఎగబీలుస్తున్నప్పుడు తప్ప ఎవరూ పిలిచేవారు కాదు కాబట్టి అలా అనిపించేది. ఆలస్యం మనం చేసి, నింద నూనె మీద వేశాం. ఇది ప్రాణం పోయే ఘడియలో ఉన్నవారికి మాత్రమే ఇచ్చే సంస్కారం కాదని బిషప్పులంతా కూడిన రెండవ వాటికన్ మహాసభ 1963లోనే చెప్పింది. జబ్బు వల్లగానీ ముసలితనం వల్లగానీ ప్రాణానికి ప్రమాదం మొదలైతే చాలు, తగిన సమయం వచ్చేసినట్టే. 1972లో ఆరవ పౌలు పోపు గారు ఆ పద్ధతిని సవరించి ఇచ్చారు. పెద్ద ఆపరేషన్‌కి ముందు తీసుకోవచ్చు. కోలుకుని మళ్లీ జబ్బుపడితే మళ్లీ తీసుకోవచ్చు. అదే జబ్బు ముదిరినా మరోసారి తీసుకోవచ్చు. అసలు అమ్మకు ఆపరేషన్‌కి ముందే ఇది అంది ఉండాల్సింది. యాకోబు లేఖ ఐదో అధ్యాయం తీసి చూడండి. మీలో ఎవరికైనా జబ్బు చేస్తే సంఘ పెద్దలను పిలిపించమని ఉంది. చావు దగ్గరపడితే పిలవమని లేదు.

ఆదివారాలు పూజ అయ్యాక మా విచారణలో, అంటే మా గుడి పరిధిలో, మంచం పట్టినవారికి నేను దివ్య సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకెళ్తుంటాను. ఫాదర్ గారు అభ్యంగనం ఇస్తుంటే పక్కన నిలబడిన రోజులు చాలా ఉన్నాయి. ముందు ఆయన ఏ మాటా లేకుండా రోగి తల మీద చేతులుంచుతారు. ఆ తర్వాత పవిత్ర వారంలో బిషప్ గారు ఆశీర్వదించిన నూనెను నుదుటి మీద, రెండు అరచేతుల్లో రాస్తారు. భయానికి పోయినవాళ్లను నేను ఒక్కరినీ చూడలేదు. ఒక ముసలావిడ మాత్రం గుర్తుంది. నొప్పికి వారాల తరబడి పిడికిళ్లు బిగించుకుని పడుకునేది. నూనె రాయాలి, చెయ్యి చాపమ్మా అని ఫాదర్ గారంటే ఒక్కో వేలూ మెల్లగా విప్పింది. అంతా అయ్యాక కోడలిని పిలిచి కాఫీ అడిగింది.

అమ్మకు తెలుగు తప్ప రాదేమో, మీ విచారణలో ఉన్న ఫాదర్‌కి తెలుగు రాదేమో. దాని గురించి టెన్షన్ వద్దు. అభ్యంగనానికి భాష అడ్డం కాదు. పాపసంకీర్తనం, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం మాత్రం, అమ్మ తన భాషలో చేసుకుంటేనే ఆమెకు తృప్తి. దేశం నలుమూలల నుంచీ ఫాదర్లు చదువుకోవడానికి వచ్చే ఊరు ఇది. ధర్మారామ్ లాంటి విద్యాసంస్థల్లో తెలుగు ఫాదర్లు ఎవరైనా ఉన్నారేమో మీ విచారణ ఫాదర్‌నే అడిగి కనుక్కోమనండి. ఎవరూ దొరక్కపోతే, అమ్మ ఇష్టపడితే, దుబాసీ ద్వారా కూడా పాపసంకీర్తనం చేయవచ్చు. విన్న మాట బయటపెట్టకూడదన్న నియమం ఆ దుబాసీకి కూడా ఉంది. అయితే ఆ పని మీరు చేయకండి, కూతురి ముందు తల్లి అన్నీ చెప్పుకోలేదు.

ఇక మీ ఒట్టు సంగతి. అన్నయ్యకు తెలియకుండా ఏమీ చేయకండి. ఫోన్ చేసి 'నా అంతట నేను చెప్పను, కానీ అమ్మ నన్ను సూటిగా అడిగితే అబద్ధం చెప్పలేను' అనండి. ఆయన అరుస్తాడు. అరవనివ్వండి. దూరాన ఉన్న కొడుకుకి చేతనైన సాయం అదొక్కటే అనిపిస్తుంది, తల్లి చెవిన చెడ్డ మాట పడకుండా చూడటం. ఆ ప్రేమను తక్కువ చేయకండి. జపమాల సంగతి మాత్రం ఆయనకు తప్పకుండా చెప్పండి.

అమ్మతో ఎలా మొదలుపెట్టాలంటారా? డాక్టరు గారి మాటతో మొదలుపెట్టకండి. పాప బడికి వెళ్లాక, టీవీ కట్టేసి, పక్కన కూర్చుని ఇంతే అనండి: 'అమ్మా, ఆ రోజు పాపకి జపమాల ఇచ్చావు కదా, నేను మాట మార్చేశాను. ఎందుకిచ్చావో చెప్పవా?' తర్వాత మాట్లాడకండి. ఎంతసేపైనా సరే. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి, మీకు ఏడుపొస్తే ఆపుకోకండి. ఆమె ఏమీ చెప్పకుండా 'ఊరికే ఇచ్చాలేవే' అంటే వదిలేయండి. ఇంకో రోజు ఆమే ఎత్తుతుంది.

పిన్ని మాటలకు వస్తాను. ఆమె మీద కోపం పెట్టుకోకండి గానీ, ఆ మాటలు మాత్రం ఒక్కటి కూడా మీ ఇంట్లో ఉంచుకోకండి. పుట్టుగుడ్డివాణ్ని చూసి 'ఎవరు పాపం చేశారు, ఇతడా, ఇతని తల్లిదండ్రులా' అని శిష్యులు అడిగితే ఇద్దరూ కాదన్నారు యేసు ప్రభువు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు, వాళ్లు మిగతావారికంటే పాపాత్ములనుకుంటున్నారా అని ఆయనే జనాన్ని నిలదీశారు. బైబిల్లో తప్పు చేయకుండానే కష్టాలపాలైన యోబు ఉన్నాడు కదా, అతని స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా నేల మీద అతని పక్కన కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచి 'నీ పాపమే' అనడం మొదలుపెట్టాక చివరికి దేవుడే వాళ్ల మీద కోపగించుకున్నాడు. నా గురించి మీరు సరిగా మాట్లాడలేదు, యోబే సరిగా మాట్లాడాడు అన్నాడు. యోబు ఏం మాట్లాడాడో తెలుసుగా? తాను పుట్టిన రోజును శపించాడు, దేవుణ్ని నిలదీశాడు. కాబట్టి మీ కోపాన్ని పాపసంకీర్తనంలో చెప్పుకోవాల్సిన నేరంలా చూసి కుంగిపోకండి. ఆ కోపాన్ని దేవుడి దగ్గరే వెళ్లగక్కండి. ఆయనతో మాట్లాడటం మానేస్తేనే నాకు బెంగ.

గుంటూరు వైపువాళ్లు కదా, గుణదల మేరీమాత తిరునాళ్లకు మీరంతా వెళ్లే ఉంటారు. ఫిబ్రవరి 11 లూర్దుమాత పండుగ. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో మరియమాత తొలిసారి దర్శనమిచ్చిన రోజు అది. ఆ దర్శనం పొందిన బెర్నదెత్త అనే పిల్ల పుట్టెడు జబ్బులతో బాధపడి 1879లో 35 ఏళ్లకే చనిపోయింది. ఆ ఊటనీళ్లతో ఎందరికో స్వస్థత కలిగింది, ఆమెకు కలగలేదు. ఆమెకు విశ్వాసం చాలలేదని పిన్ని అనగలదా? అదే ఫిబ్రవరి 11న, 1984లో, రెండవ జాన్‌పాల్ పోపు గారు బాధల గురించి ఒక లేఖ రాశారు. బాధలన్నీ తప్పులకు శిక్షలే అనడం నిజం కాదని అందులో యోబును చూపించి మరీ చెప్పారు. మూడేళ్ల ముందే తుపాకీ గుండు దెబ్బ తిని బతికినవారు ఆయన, ఊరికే రాసిన మాట కాదు. 1993 నుంచి శ్రీసభ (చర్చి) ఆ తేదీనే ప్రపంచ రోగుల దినంగా పాటిస్తోంది.

మార్ఫిన్ సంగతి నేను కొంచెం ఎక్కువ చెప్పాలి. ఈ ఒక్క అపోహ వల్ల మంచాల మీద మనుషులు మెలికలు తిరిగిపోవడం కళ్లారా చూశాను. నొప్పిని దేవునికి అర్పించడం మన విశ్వాసంలో ఉన్నదే, దాన్ని నేను కాదనను. కానీ అది నొప్పి పడుతున్న మనిషి తనంతట తాను చేసుకునే అర్పణ. పక్కవాళ్లు ఆమె తరఫున మందు ఆపి చేయించేది అర్పణ కాదు. నొప్పి తగ్గించే మందులు తీసుకోవచ్చని పన్నెండవ పియుసు పోపు గారు 1957లోనే స్పష్టంగా చెప్పారు. ప్రాణం తీయాలన్న ఉద్దేశం లేకుండా నొప్పి కోసమే ఇచ్చినప్పుడు, ఆ మందు వల్ల ఆయుష్షు కొంత తగ్గే అవకాశం ఉన్నా సరే తప్పు కాదన్నారు. కతోలిక శ్రీసభ బోధల గ్రంథమైన సత్యోపదేశం కూడా ఇదే చెబుతుంది, ఇలా నొప్పి తగ్గిస్తూ సేవ చేయడాన్ని ప్రత్యేకించి ప్రోత్సహిస్తుంది. ఫలితం కంటే భారమే ఎక్కువైన వైద్యాన్ని ఆపడం కూడా తప్పు కాదంటుంది. అంటే కీమో ఆపి మీరు అమ్మను చంపుకోవడం లేదు. పిన్ని బహుశా సిలువ దగ్గర ప్రభువు, నొప్పి తెలియకుండా ఇచ్చిన బోళం కలిపిన ద్రాక్షారసం వద్దన్నారు కదా అంటుంది. అవును, వద్దన్నారు. అదే సిలువ మీద, చివరి ఘడియలో, దాహంగా ఉందని నోరు తెరిచి అడిగి, అందించిన పులిసిన ద్రాక్షారసం పుచ్చుకున్నారు కూడా. నొప్పి తగ్గితేనే అమ్మ ప్రార్థన చేసుకోగలదు, మీతో మాట్లాడగలదు. డాక్టరు చెప్పిన మోతాదు, చెప్పిన టైముకి ఇవ్వండి. నొప్పి వచ్చేదాకా ఆగకండి. ఇంట్లో చూసుకోవడం మీ వల్ల కాకపోతే, చివరి దశ క్యాన్సర్ రోగులను డబ్బు తీసుకోకుండా చూసే కరుణాశ్రయ మన బెంగళూరులోనే ఉంది. అక్కడ చేర్పిస్తే అమ్మను వదిలేసినట్టు కాదు.

ఇక మీ నిద్ర. పునీత చిన్న తెరేజమ్మ మఠంలో ఉండి కూడా ప్రార్థన సమయంలో నిద్రపోయేది. నిద్రపోతున్న పిల్లలన్నా తల్లిదండ్రులకు ప్రేమే కదా అని సమాధానపడింది. పూజ విషయం కూడా అంతే. మంచం మీద ఉన్న తల్లిని వదిలి వెళ్లలేని పరిస్థితిలో ఆదివారం పూజకు పోలేకపోతే అది పాపం కాదు. అన్నయ్య వచ్చిన ఆదివారం వెళ్లండి. సత్ప్రసాదానికి ముందు గంటసేపు ఏమీ తినకూడదన్న నియమం రోగులకు లేదు, వాళ్లను చూసుకునేవారికి కూడా లేదు. ఇంటికి సత్ప్రసాదం తెచ్చినప్పుడు అమ్మతో పాటు మీరూ తీసుకోండి.

సిద్ధంగా లేనన్నారు. దీపాలు పట్టుకుని పెళ్లికొడుకు కోసం ఎదురుచూసిన పదిమంది కన్యకల ఉపమానం మనకు గుడిలో చాలాసార్లు భయపెడుతూ చెప్పారు. మత్తయి 25 తీసి నెమ్మదిగా చదవండి. వరుడు రావడం ఆలస్యమైతే పదిమందీ కునికి నిద్రపోయారు. బుద్ధిమంతులైన ఐదుగురు కూడా. నిద్రపోయినందుకు ఎవరినీ ఏమీ అనలేదు, నూనె ఉందా లేదా అన్నదే చూశారు. అలాగే అధ్యాయం చివరిదాకా వెళ్లండి. అక్కడ ప్రభువు 'నేను జబ్బుపడితే నన్ను చూడవచ్చారు' అంటారు. మొదట్లో అడిగిన నూనె ఏమిటో ఆ చివర్లో తెలుస్తుందని నా నమ్మకం. రాత్రి మూడింటికి లేచి దుప్పటి మార్చడం, చెంచాతో జావ పట్టడం, అరగంటకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టడం, మీరు రోజూ చేస్తున్నది అదే. మీ దీపంలో నూనె లేదని ఎవరన్నారు?

అందుకే మీకు పెద్ద ప్రార్థనలేమీ చెప్పను. పునీతుల ప్రార్థనలో మన పెద్దవాళ్లు హఠాన్మరణం నుంచి, సిద్ధపడని చావు నుంచి కాపాడమని వేడుకునేవారు. ఇప్పుడేమో అందరం నిద్రలో పోతే చాలనుకుంటున్నాం. మీ అమ్మకు ఆ పాత ప్రార్థన ఫలించింది, ఆమెకు సమయం దొరికింది. ఆ సమయం మీకూ దొరికింది. రాత్రి లైటు తీసేముందు మరియమాతను వేడుకునే మంగళవార్త జపం ఒక్కటి చెప్పుకోండి. 'ఇప్పుడును, మా మరణ సమయమందును' అన్న చోట కాస్త ఆగండి. 'ఇప్పుడును' అన్నప్పుడు ఆ పూట మీరు విసుక్కున్న మాట ఏదైనా గుర్తొస్తే, పొద్దున్నే అమ్మకు సారీ చెప్పండి. ప్రస్తుతానికి అంతకంటే పెద్ద సిద్ధపాటు మీకు అక్కర్లేదు.

ఫాదర్ గారు వచ్చే రోజుకి మంచం పక్కన చిన్న బల్ల వేసి తెల్లగుడ్డ పరచండి. ఒక సిలువ, ఒక కొవ్వొత్తి, గ్లాసుడు నీళ్లు చాలు. ఆక్సిజన్ పెట్టి ఉంటే కొవ్వొత్తి వద్దు. అమ్మ ముద్ద మింగలేకపోతే ఆ సంగతి ముందే చెప్పండి, సత్ప్రసాదం చిన్న ముక్కగా ఇస్తారు. చేతికి సూది కట్టు ఉంటే అదీ చెప్పండి. మందు వేసిన గంటకి, ఆమె కాస్త తేలిగ్గా ఉండే టైముకి రమ్మనండి. అన్నయ్యను ముందురోజు రాత్రి బండికి బయల్దేరమనండి. అమ్మకు ఏ చీర కట్టాలో అమ్మనే అడగండి. పాపను ఆ రోజు బడి మాన్పించి మంచం దగ్గరే కూర్చోబెట్టండి, ఆ జపమాల తెచ్చుకోమనండి.